గడ్డినేలకు పద్దు ఎప్పుడు?

నంద్యాల జిల్లా కలెక్టర్ గారికి, జిల్లా విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ సభ్యులకు,

మిడుతూరు మండలంలో నాగలి పడని మెట్ట కనబడితే చాలు, సర్కారు కాగితం దాన్ని ‘బంజరు’ అంటుంది. ఏ పరిశ్రమకో, ఏ పార్కుకో, ఏ కాలనీకో భూమి వెతకాల్సి వస్తే ముందుగా వేలు పడేది ఆ పేరు మీదే. గడ్డి మొలిచే ఆ నేలకు, వంక పుట్టే ఆ గట్టుకు, గొర్రెలు మేసే ఆ పోరంబోకుకు ఒక పని ఉందని, అది ఆగిపోతే కింద ఉన్న ఊళ్లు దెబ్బతింటాయని గుర్తించేది ఎవరు? రోడ్డుకు పద్దు ఉంటుంది. కల్వర్టుకు ఉంటుంది. కాలువ గట్టు తెగితే పూడ్చడానికి ఉంటుంది. గడ్డినేలను కాపాడుకోవడానికి మాత్రం ఎందుకు ఉండదు?

ఈ ప్రశ్న వేరే ఎవరినీ కాక మిమ్మల్నే అడగడానికి కారణం ఉంది. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి విడివడి నంద్యాల జిల్లా ఏర్పడింది. భూమి రికార్డులకు ఈ జిల్లాలో పెద్ద దిక్కు కలెక్టరే. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా ప్రాధికార సంస్థకు అధ్యక్షులు కూడా కలెక్టరే, సహాధ్యక్ష స్థానం ప్రజలు ఎన్నుకున్న ప్రతినిధిది. సున్నపురాయి గనుల నుంచి వచ్చే జిల్లా ఖనిజ నిధికీ కలెక్టరే నాయకత్వం వహిస్తారు. భూమి పేరు మార్చే అధికారం, ముప్పును అంచనా వేసే బాధ్యత, ఖర్చుపెట్టే వీలు ఒకే బల్ల మీద కలిసే చోటు జిల్లాలో ఇంకొకటి లేదు. అందుకే ‘అది మా శాఖ పరిధి కాదు’ అన్న జవాబు ఈ విషయంలో చెల్లదు.

రోళ్లపాడు సంగతి మీకు తెలియనిది కాదు. మిడుతూరు మండలంలోనే ఉంది. 1988లో బట్టమేక పిట్ట కోసం ప్రభుత్వం దాన్ని అభయారణ్యంగా ప్రకటించింది. విస్తీర్ణం 6.14 చదరపు కిలోమీటర్లు, అంటే 614 హెక్టార్లు. అడవి అన్న పేరు పెట్టుకున్నా అక్కడ ఉన్నది అడవి కాదు, గడ్డి. 1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు అక్కడే మకాం వేసి, పదుల సంఖ్యలో తిరిగిన బట్టమేకల జీవనాన్ని ఏళ్ల తరబడి నమోదు చేశారు. కృష్ణజింక, తోడేలు, గుంటనక్క, వానకాలంలో నేలనెమలి, అన్నీ ఆ గడ్డినే నమ్ముకున్నాయి. చలికాలం మధ్యాసియా నుంచి వచ్చే హారియర్ గద్దలు రాత్రిళ్లు ఆ గడ్డిలో నేలమీదే పడుకుంటాయి. పగలు చుట్టుపక్కల చేల మీద తిరిగి మిడతలను ఏరుకు తింటాయి. రైతు ఒక్క రూపాయి ఇవ్వకుండానే జరిగే చీడ నివారణ ఇది.

ఇప్పుడు రోళ్లపాడులో బట్టమేక కనిపించడం లేదు. దేశం మొత్తం మీద మిగిలినవి 150 లోపేనని అంచనా, వాటిలో అత్యధికం రాజస్థాన్‌లో. కంచె లోపలి 614 హెక్టార్లను కాపాడిన ప్రభుత్వం, కంచె బయట జొన్న, కొర్ర, బీడు కలిసి ఉన్న వేల ఎకరాల సంగతి పట్టించుకోలేదు. నీరు వచ్చింది, రిజర్వాయరు వచ్చింది, పైర్లు మారాయి, బీళ్లు కుదించుకుపోయాయి. పక్షి గుడ్డు పెట్టేది కంచె లోపలే అయినా, పిల్లలతో తిరిగి మేత వెతుక్కునేది బయటి నేలలో. ఆ నేల పోయాక లోపలి గడ్డి ఎంత పచ్చగా ఉండి ఏం లాభం?

రోళ్లపాడును ఒక పక్షి కథగా చెప్పి ముగించడం వల్లే ఇన్నాళ్లూ నష్టం జరిగింది. పక్షి పోయింది కాబట్టి ఆ నేలతో ఇక పని లేదన్న మాట అక్కడక్కడా వినబడుతుంది. ఆ నేల చేసే అసలు పని పక్షితో మొదలు కాలేదు, పక్షితో ఆగిపోదు కూడా. ఒక లెక్క చూడండి. ఒక హెక్టారు మీద పడిన వానలో పది మిల్లీమీటర్లు పారిపోకుండా నేలలోకి దిగితే లక్ష లీటర్లు. 614 హెక్టార్లకు 6 కోట్ల 14 లక్షల లీటర్లు. ఇది ఒక్క మంచి జల్లుకు, ఒక్క అభయారణ్యం విస్తీర్ణానికి కట్టిన లెక్క మాత్రమే. ఉమ్మడి కర్నూలు జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 670 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, అదీ కొద్ది రోజుల్లోనే కుమ్మరించి పోతుంది. ఆ కొద్ది రోజుల్లో నీటిని పట్టుకున్న నేలకే వేసవిలో బావి ఊరుతుంది. గడ్డి పిలకలు నీటి పరుగును అడ్డుకుంటాయి, వేళ్లు మట్టిని బిగించి పట్టుకుంటాయి, చనిపోయిన వేళ్లు వదిలిన సందుల్లోంచి నీరు కిందికి దిగుతుంది. చదును చేసి, బుల్‌డోజరు తొక్కించిన గరుసు నేల మీద పడిన వాన ఎర్రనీళ్లై వంకలో దూకుతుంది.

ఆ వంకలు ఎక్కడికి పోతాయో మీ ఇంజనీర్లను అడగండి. కుందూ పుట్టేది ఓర్వకల్లు దగ్గరి ఉప్పలపాడు గుట్టల్లో. అక్కడి నుంచి మిడుతూరు, గడివేముల మీదుగా నంద్యాలకు, ఆపైన గోస్పాడు, కోయిలకుంట్ల, చాగలమర్రి దాటి కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. వేసవిలో పలచని పాయ. ముసురు పట్టిందంటే నంద్యాల పట్టణంలో లోతట్టు వీధుల జనం ఇళ్లు వదిలి మెరక వెతుక్కోవలసిందే. 2019 సెప్టెంబరులో మహానంది ఆలయం నీట మునిగింది. గోస్పాడు, శిరివెళ్ల, ఆళ్లగడ్డ వైపు పొలాలు చెరువులను తలపించాయి. ఆ వాన ఎక్కువగా నల్లమల అంచున కురిసింది. అంత వానను మిడుతూరు మెట్టలోని గడ్డి ఆపేదని ఎవరూ అనరు, అనకూడదు కూడా. ఒక్క రాత్రిలో ఆకాశం విరిగిపడితే ఏ గడ్డీ, ఏ ఆనకట్టా మొత్తం భారం మోయలేవు. అయితే ఏటా వచ్చే నడిపాటి వరదల్లో, ఎగువన నీరు నెమ్మదిస్తే దిగువన పొంగు తగ్గుతుంది, వంకలో మట్టి తక్కువ దిగుతుంది, వంతెన కానాలు పూడకుండా ఉంటాయి. రాయలసీమ కరవు నివారణ పథకం కింద కుందూను వెడల్పు చేసే పనులు చేపట్టారు. నదిని వెడల్పు చేసేందుకు నిధులు వెతికిన ప్రభుత్వం, ఆ నదిలోకి మట్టి దిగే నేలను నిలబెట్టేందుకు ఎంత వెతికింది?

మట్టి సంగతి తేలిక విషయం కాదు. మిడుతూరు, నందికొట్కూరు రైతు నమ్ముకున్న కె.సి. (కర్నూలు–కడప) కాలువకు ప్రాణం తుంగభద్ర. 1953లో నీరు నిల్వ చేయడం మొదలైనప్పుడు తుంగభద్ర జలాశయం సామర్థ్యం దాదాపు 133 టీఎంసీలు. ఇప్పుడు లెక్కలో ఉన్నది 105.78 టీఎంసీలు. పూడిక మింగినది 27 టీఎంసీలకు పైమాటే. కె.సి. కాలువకు బచావత్ ట్రిబ్యునల్ కేటాయించిన నీరు 39.9 టీఎంసీలు. ఆ కేటాయింపులో మూడింట రెండు వంతులతో సమానమైన చోటును మట్టి ఆక్రమించింది. ఆ మట్టి ఆకాశం నుంచి పడలేదు, ఎగువన కొండలు, బీళ్లు, గనులు బోడి కావడంతో కొట్టుకువచ్చింది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు రెండు రాష్ట్రాల యంత్రాంగం పరుగెత్తింది, వారం రోజుల్లో అడ్డుపలకలు దించి నీటిని నిలిపింది. అది చేయవలసిన పనే. గేటు పోయిన రాత్రి కనబడిన ఆ కంగారు, డెబ్బై ఏళ్లుగా 27 టీఎంసీల చోటు పోతున్నా ఎందుకు కనబడలేదు? గేటును ఇంజనీరింగ్ ఆస్తిగా చూసిన కళ్లకు, గేటు వెనక నిలిచే నీటికి ఆధారమైన కొండవాలు ఆస్తిగా ఎందుకు ఆనలేదు?

దీని మూలం ఢిల్లీలో ఉంది. మౌలిక వసతులు అంటే ఏవో చెప్పే ఉమ్మడి జాబితాను కేంద్ర ఆర్థిక శాఖ 2012లో తయారుచేసింది. ఆనకట్టలు, కాలువలు, కరకట్టలు అందులో ఉన్నాయి. గడ్డినేలలు, వాగులు, చిత్తడి నేలలు లేవు. ఆ జాబితాలో చోటు ఉన్నవాటికి అప్పు తేలిగ్గా పుడుతుంది, పెట్టుబడి లెక్క ఉంటుంది, నిర్వహణ ఖర్చు ఉంటుంది. లేనివి దయాధర్మాల మీద బతకాలి. మరోవైపు హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం కేంద్ర భూవనరుల శాఖతో కలిసి తెచ్చే బంజరు భూముల అట్లాస్ ఉంది. 2019 సంచిక ప్రకారం దేశంలో 5.57 కోట్ల హెక్టార్లు, అంటే దాదాపు 17 శాతం నేల, బంజరు. పొదలున్న మెట్ట, మేత పోరంబోకు చాలావరకు అందులోకే వెళ్లాయి. అదే ఏడాది ఢిల్లీ దగ్గర జరిగిన ఎడారీకరణ నిరోధక సదస్సుకు మన ప్రభుత్వమే ఇచ్చిన సమాచారం ఏం చెప్పింది? 2005 నుంచి 2015 వరకు పదేళ్లలో దేశం 31 శాతం గడ్డినేలలను పోగొట్టుకుందని. ఒక చేత్తో ‘బంజరు’ అని రాసి, మరో చేత్తో ‘పోయింది’ అని లెక్క చెప్పడమంటే ఇదే.

మీ జిల్లాలోకే వద్దాం. గని, శకునాల గ్రామాల దగ్గర, ఓర్వకల్లు, గడివేముల మండలాల సరిహద్దులో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు దాదాపు 6,000 ఎకరాల్లో పరుచుకుంది. పిన్నాపురం దగ్గర సౌర, పవన విద్యుత్తుతో పాటు నీటిని ఎత్తిపోసి నిల్వచేసే భారీ ప్రాజెక్టుకు 2022 మే 17న శంకుస్థాపన జరిగింది. రాష్ట్రం 2024 అక్టోబరులో తెచ్చిన సమగ్ర శుద్ధ ఇంధన విధానం 160 గిగావాట్లకు పైగా లక్ష్యం పెట్టుకుంది. అంత విద్యుత్తుకు భూమి కావాలి, ఆ భూమి కోసం చూపు ముందుగా రాయలసీమ మెట్టల మీదే పడుతుంది. సూర్యరశ్మితో కరెంటు తీయడం మంచిదే. బొగ్గు తగ్గాలి, తగ్గకపోతే కరవు సీమకే ముందు దెబ్బ. కానీ ఏ మెట్ట మీద పలకలు పెట్టవచ్చు, ఏ మెట్టను ముట్టకూడదు అన్న తేడాను ఎవరు తేల్చారు? ఎగువ నీటి వాలు, మేత దారి, వంక మొదలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తించిన పటం ఒకటి మీ కార్యాలయం గోడ మీద ఉందా? ఉంటే ప్రజలకు చూపించండి. లేకపోతే కేటాయింపు ఫైలు మీద సంతకం దేన్ని చూసి పెడుతున్నారు?

మేత దారి మాట వచ్చింది కాబట్టి గొర్రెల సంగతీ చెప్పాలి. 2019 పశుగణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గొర్రెలు దాదాపు 1.76 కోట్లు. దేశంలో తెలంగాణ తర్వాత స్థానం మనదే. ఇంత సంపద ఏ దాణా మిల్లు మీదా ఆధారపడి లేదు, బీడు మీద, పంట కోసిన చేల మీద, వంకల గట్ల మీద నడుస్తోంది. కర్నూలు వైపు కురువలు, గొల్లలు మందలను తోలుకుంటూ నెలల తరబడి ఊరూరా తిరుగుతారు. రైతు తన చేలో మంద కట్టించుకుంటాడు. రాత్రికి రాత్రి పెంట, మూత్రం నేలకు చేరతాయి. కాపరికి గింజలో, డబ్బో ముడుతుంది. యూరియా బస్తా కోసం వరుసలో నిలబడే కాలంలో ఈ ఏర్పాటు విలువ రైతుకు బాగా తెలుసు. వాన తప్పిన ఏడాది పైరు పూర్తిగా పోయినా, నాలుగు పొట్టేళ్లు అమ్మి బడి ఫీజు, ఆసుపత్రి ఖర్చు గట్టెక్కించే ఇళ్లు ఈ మండలంలో ఎన్నో ఉన్నాయి. 2023 ఖరీఫ్‌లో ప్రభుత్వం 103 మండలాలను కరవు మండలాలుగా ప్రకటించింది. వాటిలో నంద్యాల జిల్లావీ ఉన్నాయి. పెట్టుబడి రాయితీ ఎన్ని ఎకరాలకు ఇవ్వాలో లెక్క వేశారు. మేత ఎన్ని ఎకరాల్లో మిగిలిందో ఎవరైనా లెక్క వేశారా? భూమిలేని కాపరికి ఆ ఏడాది దక్కినదెంత?

1876 నుంచి 1878 దాకా సాగిన మహా కరువు ఈ జిల్లాలో ఇప్పటికీ పేరు చెబితే గుర్తుకొచ్చేంత పెద్దది. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా దాదాపు నాలుగోవంతు మనుషులను పోగొట్టుకుంది. కె.సి. కాలువ అప్పటికే తవ్వి ఉంది. మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ అంచనాకు మించి ఖర్చు పెట్టి తవ్విన ఆ కాలువను చివరికి 1882లో ప్రభుత్వమే కొనుక్కోవలసి వచ్చింది. కాలువ దండగని దీని అర్థం కాదు. తర్వాతి నూట నలభై ఏళ్లలో అది ఎన్ని లక్షల మందికి అన్నం పెట్టిందో నందికొట్కూరు, నంద్యాల రైతుకు తెలుసు. కాలువ ఒక్కటే చాలదన్న సంగతి మాత్రం ఈ జిల్లా అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువ మూల్యం చెల్లించి నేర్చుకుంది.

ఈ సీమలో పెద్దలకు ఈ ఎరుక కొత్తది కాదు. మీ జిల్లా తూర్పు కొస దాటితే కడప జిల్లా పోరుమామిళ్ల. అక్కడి చెరువు కట్ట దగ్గర 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు వేయించినది. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క చెబుతుంది. అంతటితో ఆగదు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను చెబుతుంది. వాటిలో ధర్మం తెలిసిన రాజు ఉన్నాడు, జలశాస్త్రం తెలిసినవాడు ఉన్నాడు, గట్టి నేల ఉంది, మూడు యోజనాల దూరాన పుట్టి తీపి నీళ్లు తెచ్చే నది ఉంది, కట్టకు ఆనుకున్న కొండలు ఉన్నాయి. అంటే కట్ట రాయి ఎంత ముఖ్యమో, నీరు పుట్టి నడిచి వచ్చే నేల అంత ముఖ్యమని ఆరున్నర శతాబ్దాల క్రితం రాతి మీద చెక్కి పెట్టారు. అప్పటి రాజు చెరువు అంగాల్లో లెక్కగట్టిన ఎగువ నేలను, నేటి అంచనా పట్టిక ఎందుకు వదిలేస్తోంది?

మహానందికి వెళ్లిన ప్రతి అధికారీ ఆ కోనేటి అడుగున నాణెం కనబడేంత తేట నీటిని చూసి ముచ్చటపడతారు. ఆ ఊట చుట్టుపక్కల వరికీ, అరటికీ పారుతుంది. దాని వెనక నల్లమల అడవి ఉంది. అడవి చెక్కుచెదరకుండా ఉన్నందువల్ల మోటారు లేకుండా, మీటరు లేకుండా నడిచే నీటి పథకం అది. దాన్ని ఎవరూ బంజరు అనరు, ఎందుకంటే అక్కడ చెట్లున్నాయి, గుడి ఉంది. మిడుతూరు మెట్టకు ఆ రెండూ లేకపోవడమే నేరమా?

ఇక్కడ అటవీ శాఖ వారు వినవలసిన మాట ఒకటి ఉంది. గడ్డినేలను బాగుచేయడం అంటే మొక్కలు నాటడం కాదు. గోతులు తీసి, గడ్డిని పెకిలించి, సర్కారు తుమ్మో, నీలగిరో పెట్టి పచ్చదనం పెరిగిందని ఫొటో తీస్తే పశువుకు మేతా పోతుంది, నీరూ పోతుంది. గుజరాత్‌లోని బన్నీ గడ్డినేలల్లో 1960ల మొదట్లో ఉప్పు ఎడారి ముందుకు రాకుండా ఆపాలని సర్కారు తుమ్మ నాటారు. మంచి ఉద్దేశమే. కొన్ని దశాబ్దాల్లో ఆ ముళ్లచెట్టు సగానికి పైగా గడ్డిని కమ్మేసింది. మాల్ధారీ పశుపోషకులు ఇప్పుడు దాన్ని పెకిలించి మళ్లీ గడ్డిని నిలబెట్టే పనిలో ఉన్నారు. ఇక్కడి వంకల గట్ల మీద అదే తుమ్మ కంప ఎంత దట్టంగా అల్లుకుందో ఏ గ్రామ వ్యవసాయ సహాయకుణ్ని అడిగినా చెబుతారు. దాన్ని నరికించడం, గడ్డి విత్తు చల్లించడం, మేతను వంతులవారీగా మూసి తెరవడం, ఇవన్నీ చేతి పనులు, కూలి దొరికే పనులు. ఉపాధి పనుల పట్టికలో వీటికి చోటిస్తే పనికీ పని, మేతకూ మేత. ప్రతి బీడులోనూ కందకం తవ్వాలన్న మూస పద్ధతి మాత్రం మానాలి. తవ్విన చోట గడ్డి పెకిలిపోయి మట్టి వదులవుతుంది.

డబ్బు లేదంటారా? పదిహేనో ఆర్థిక సంఘం 2021–26 కాలానికి రాష్ట్రాల విపత్తు నిధుల్లో 20 శాతాన్ని ముప్పు తగ్గించే పనులకే విడిగా ఉంచమంది. దేశం మొత్తానికి అది దాదాపు 32,000 కోట్ల రూపాయలు. వరద వచ్చాక పడవలు, పులిహోర పొట్లాలు పంపే డబ్బు వేరు, ఇది వరదకు ముందు ఖర్చుపెట్టే డబ్బు. అందులోంచి మిడుతూరు వంకల మొదళ్లకు, గడ్డినేలలకు జిల్లా ఎన్ని ప్రతిపాదనలు పంపింది? బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల వైపు గనుల రాయల్టీతో నిండే ఖనిజ నిధి నియమాల్లో అధిక ప్రాధాన్య రంగాల్లో పర్యావరణ పరిరక్షణ పేరు స్పష్టంగా ఉంది. మరో జాబితాలో వాటర్‌షెడ్ అభివృద్ధి కూడా ఉంది. ప్రహరీ గోడలకూ, సిమెంటు రోడ్లకూ దొరికిన ఆ నిధి గడ్డికి ఎందుకు దొరకకూడదు? గోదావరి నీటిని బనకచర్లకు తెచ్చే ప్రతిపాదనకు వేసిన అంచనా 80,112 కోట్లు. 2025 జూన్‌లో కేంద్ర నిపుణుల కమిటీ దాన్ని తిప్పి పంపింది. ఆ ప్రాజెక్టు మంచిచెడ్డలు వేరే చర్చ. వందల కిలోమీటర్ల దూరం నుంచి నీరు తేవడానికి ఇంత పెద్ద అంకె వేసుకోగలిగిన రాష్ట్రం, తన నెత్తిన పడిన వానను నేలలోకి దింపడానికి అందులో వెయ్యోవంతు, అంటే 80 కోట్లు, ఈ జిల్లా మెట్టలకు ఇవ్వలేదా?

ఇలాంటి లెక్క వేసుకున్న చోట్లు ఉన్నాయి. తాగునీటి శుద్ధి కేంద్రానికి 600 నుంచి 800 కోట్ల డాలర్లు అవుతాయని తేలినప్పుడు న్యూయార్క్ నగరం 1997లో క్యాట్స్‌కిల్ కొండల రైతులతో, పల్లెలతో ఒప్పందం చేసుకుంది. దాదాపు 150 కోట్ల డాలర్లతో ఎగువ నేలలను, వాగు గట్లను బాగుచేయించింది. శుద్ధి కేంద్రం కట్టవలసిన అవసరం తప్పింది. కోట్లాది డాలర్ల కన్నా అందులో నేర్చుకోదగ్గది మరొకటి ఉంది. ఎగువ రైతును వెళ్లగొట్టలేదు, వాళ్ల చేతే పని చేయించి కూలి కట్టారు. 1993లో, 1995లో వరదలు ముంచెత్తి, రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించాక నెదర్లాండ్స్ కరకట్టలు ఇంకా పెంచే ఆలోచన పక్కన పెట్టి, ముప్పైకి పైగా చోట్ల నదికి చోటు వదిలింది. అందుకు 230 కోట్ల యూరోలు ఖర్చయ్యాయి. గట్టు కట్టడంలో ప్రపంచానికి పేరుపడ్డ దేశం చేసిన పని ఇది.

చట్టం కూడా మీ పక్షానే ఉంది. చెరువులు, కుంటలు, కొండలు, అడవులు సమాజానికి చెందిన సంపద అని 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించి ఊరికి అప్పగించాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. 2024 మార్చి 21న బట్టమేక పిట్ట కేసులోనే, వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ పౌరుల హక్కని గుర్తించింది. రాష్ట్రానికి 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం ఉండనే ఉంది. ఇన్ని చేతిలో ఉండగా మేత పోరంబోకు రకం మార్చే ఫైలు మీ ముందుకు వచ్చినప్పుడు, వద్దని రాయడానికి అడ్డేమిటి?

రోళ్లపాడు చుట్టుపక్కల రైతుకు ఈ విషయంలో కోపం ఉంది, అది న్యాయమైన కోపం. జింకల గుంపు రాత్రి పూట పడి మొలకలు కొరికేస్తే, పరిహారం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేది అతడే. అభయారణ్యం అన్న మాట అతనికి నష్టంగానే పరిచయమైంది. ఊరి మేలు కోసం గడ్డినేలను నిలబెడితే, దాని ఖర్చు పక్క చేను రైతు ఒక్కడి మీదే ఎందుకు పడాలి? సబ్‌స్టేషన్ కడితే దాని నష్టపరిహారం ప్రాజెక్టు అంచనాలోనే కలుపుతారు. జింకలు తిన్న పంటకు ఆ సీజన్‌లోనే చెల్లింపు, కాపరికి మేత హక్కు రాతపూర్వకంగా, గడ్డిని చూసుకునే ఊరి సంఘానికి ఏటా నిర్వహణ సొమ్ము, ఇవి కూడా గడ్డినేల అంచనాలోనే ఉండాలి. ఇవి లేకుండా కంచె ఒక్కటే వేస్తే రోళ్లపాడులో జరిగినదే మళ్లీ జరుగుతుంది.

ఐక్యరాజ్యసమితి 2026ను గడ్డినేలల, పశుపోషకుల అంతర్జాతీయ సంవత్సరంగా ప్రకటించింది. దానికి సభ, బ్యానరు, శాలువా చాలవు. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే కోసం డ్రోన్లు ఈ జిల్లా మీద ఇప్పటికే ఎగిరాయి, గట్టు గట్టుకూ కొలతలు తీశాయి. ఆ కొలతల్లోంచే మిడుతూరు మండలంలో మిగిలిన మేత పోరంబోకు, వంక పోరంబోకు, సాగులో లేని మెట్ట ఎక్కడెక్కడ ఎంత ఉందో వేరు చేయించండి. ఊరూరా గ్రామసభ పెట్టి, కాపర్లను ముందు వరుసలో కూర్చోబెట్టి, ఆ పటం సరిదిద్దించండి. వాళ్లకు తెలిసిన నీటి మడుగులు, మంద దారులు ఏ ఉపగ్రహానికీ తెలియవు. సరిదిద్దిన నేలను ‘బంజరు’ శీర్షిక కింద నుంచి తీసి, ‘నీటి వాలు, మేత భూమి’గా జిల్లా విపత్తు ప్రణాళికలో చేర్చండి. రోడ్లు భవనాల శాఖ ఆస్తుల జాబితాలో వంతెనకు ఉన్నట్టే ప్రతి గడ్డినేలకూ ఒక సంఖ్య, ఒక బాధ్యుడు, ఏడాదికి ఒక తనిఖీ, ఒక నిర్వహణ మొత్తం రాయండి. కొత్త పరిశ్రమకో, సోలార్ పార్కుకో భూమి అడిగిన ప్రతి దరఖాస్తునూ ముందు ఆ జాబితాతో పోల్చి, ఆ నేల పోతే దిగువన ఏ చెరువుకు, ఏ కాలనీకి, ఎన్ని మందలకు నష్టమో రాతపూర్వకంగా తేల్చాకే సంతకం పెట్టండి.

వచ్చే నైరుతి రుతుపవనాలకు ముందే మొదటి జాబితాను మిడుతూరు మండల కార్యాలయం నోటీసు బోర్డు మీద పెట్టించగలరా? పెట్టలేకపోతే ఏ శాఖ ఒప్పుకోలేదో, ఏ నియమం అడ్డుపడిందో అదే బోర్డు మీద రాయించండి. ఎవరిని అడగాలో అప్పుడు ప్రజలకే తెలుస్తుంది.

భవదీయులు,
మిడుతూరు ప్రాంత పౌరులు